లంకెబిందెలు

మన తెలుగునాట ధనికులును దరిద్రులును భేదములేక కనుచుండు కల యొకటి గలదు. అది లంకెబిందెల కల. పునాది త్రవ్వుచుండగా గడ్డపలుగు ఖంగుమనుటయు, మట్టి తొలగింపగా గొలుసుతో బంధింపబడిన రెండు బిందెలు కనబడుటయు, వానినిండ వరహాలుండుటయు – ఇట్టి కథ వినని బాలుడు మన గ్రామములలో లేడు. ఎవనికైన నాలుగురాళ్ళు చేరి మిద్దె లేచెనేని అతని కష్టమును తలచుకొనువారు తక్కువ. "వానికి లంకెబిందెలు దొరికినవిలే" యని పెదవి విఱుచువారే యెక్కువ. చెమటయోడ్చి యార్జించిన ధనముకంటె నేలలో దొరికిన ధనమునందు మనకు నమ్మకము మెండు. ఈ నమ్మకము నవ్వి విడువదగినదే యైనచో దీనినిగూర్చి వ్రాయ బనిలేదు. కాని దీనివలన మన దేశచరిత్ర కొంత తిరిగి పొందరాని విధముగా నశించినది, నేటికిని నశించుచున్నది. కావున చదువరులు కొంచె మోపికతో వినవలయునని కోరుచున్నాము.

పూర్వము నిధివేటకు అంజనము సాధనము. తమలపాకునకు కాటుక పూసి, దాని యెదుట నొక పసివానిని కూర్చుండబెట్టి, "ఏమి కనబడుచున్నదిరా?" యని మాంత్రికుడు మాటిమాటికి నడుగును. నిద్రయు నాకలియు గొన్న యా పసివాడు తనకు సెలవు దొరకుటకై యేదో చెట్టనియు, చెట్టుక్రింద పామనియు చెప్పును. ఆ మాట పట్టుకొని అమావాస్యనాటి రాత్రి త్రవ్వకము. నిధికి భూతము కాపలా యున్నదని మేకను కోయుట; నంది కడుపులో రత్నములున్నవని పాడుపడిన శివాలయములోని నందిని సమ్మెటతో పగులగొట్టుట. ఇట్టి వార్తలు నేటి పత్రికలలోను తఱచుగా కనబడుచున్నవి. మాఱిన దొక్కటియే. కాటుకకు తోడుగా నొక యంత్రము వచ్చినది. మాంత్రికుని సంచిలో నిమ్మకాయల ప్రక్కనే బ్యాటరీలుండుచున్నవి. మూఢవిశ్వాసము శాస్త్రపు చొక్కా తొడిగికొన్నంతమాత్రమున శాస్త్రమగునా?

ఆ యంత్రమును జనులు మెటల్ డిటెక్టరందురు. కఱ్ఱకు దిగువ పళ్ళెమువలె నొక తీగచుట్ట యుండును. దానియందు విద్యుత్తు అటునిటు మాఱుచు ప్రవహించుటచే చుట్టును అయస్కాంతక్షేత్ర మేర్పడును. ఆ క్షేత్రములో లోహమున్నచో, దానియందు చిన్నచిన్న విద్యుత్సుడులు పుట్టి తమవంతుగా నింకొక క్షేత్రమును కలిగించును. ఆ మార్పును యంత్రము గ్రహించి చెవికి కూతగా వినిపించును. ఇందు మంత్రమేమియు లేదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు దేహమున దిగిన తుపాకిగుండును వెదకుటకై, టెలిఫోనును నిర్మించిన గ్రాహంబెల్లు ఇట్టి సాధనమునే పట్టుకొనిపోయెను. పఱుపులోని యుక్కుచుట్టలు కూడ పలుకుటచే పరీక్ష చెడినదని చెప్పుదురు. రెండవ ప్రపంచయుద్ధమున సైనికులు నేలలో పాతిన మందుపాతరలను వెదకుటకు దీనినే వాడిరి. యుద్ధము ముగిసిన పిదప నిది వినోదపరుల చేతికి వచ్చినది. బెల్లుగారి కథలోని నీతి మాత్రము నేటికిని మాఱలేదు. యంత్రమునకు లోహమున్నదని తెలియును. అది ప్రాణము తీయు గుండో, పఱుపులోని తీగయో తెలియదు. అది తెలిసికొనుట మనుష్యుని పని.

మా మేనల్లుడొకడు కొంతకాలము ఇంగ్లాండులో నుద్యోగము చేసి వచ్చినాడు. అచ్చట ఆదివారములలో నీ యంత్రమును పట్టుకొని పొలములవెంట తిరుగువారు వేలసంఖ్యలో నున్నారనియు, తానును వారితోకూడ తిరిగితిననియు చెప్పెను. మేము మొదట ముఖము చిట్లించితిమి. కాని యతడు చెప్పిన సంగతి యొకటి మమ్మాలోచింపజేసినది. 1992లో సఫోకు మండలములోని హాక్స్‌న్ గ్రామమున నొక రైతు తన సుత్తిని పొలములో పోగొట్టుకొనెను. దానిని వెదకిపెట్టుమని యంత్రముగల స్నేహితు నొకని కోరెను. సుత్తికి బదులు బంగారు వెండి నాణెములు బయటపడెను. ఆ స్నేహితుడు చేసిన గొప్పపని నాణెములు కనుగొనుట కాదు, త్రవ్వుట నాపివేయుట. వెంటనే తెలియజేయగా పురావస్తుశాస్త్రజ్ఞులు వచ్చి మిగిలినదానిని పొరలుపొరలుగా విప్పిరి. సుమారు 15 వేల నాణెములు, బంగారు నగలు, వెండి చెంచాలు దొరికెను. అవి యొక కొయ్యపెట్టెలో నెట్లు సర్దబడెనో, ఏ వస్తువు దేని ప్రక్కన నుండెనో కూడ తెలిసెను. క్రీస్తుశకము అయిదవ శతాబ్దారంభమున, రోమకుల పాలన ఆ దీవిలో చెదరుచున్న దినములలో, ఒక సంపన్న కుటుంబమువారు తమ సర్వస్వమును పాతిపెట్టిరని పండితులు గ్రహించిరి. రైతు సుత్తియు దొరికెను. అదియు నేడు బ్రిటిషు మ్యూజియములో నున్నది!

ఆ దేశమున 1996లో నిధులచట్టమును క్రొత్తగా నిర్మించిరి. మఱుసటి సంవత్సరము నుండి, నిధికిందికి రాని చిన్న వస్తువులను సైతము జనులు తామై తెచ్చి చూపి నమోదు చేయించుకొను నేర్పాటొకటి కల్పించిరి. ఇప్పటికి పదిలక్షలకు మించిన వస్తువులు, దొరికిన చోటులతోసహా, అందు నమోదైనవి. అచ్చటను రాత్రివేళ దొంగచాటుగా త్రవ్వువారు లేకపోలేదు. కాని పొలము యజమాని యనుమతి నడుగుట, దొరికినచోటును వ్రాసిపెట్టుట, పెద్ద నిధి కనబడినచో చేయి వెనుకకు తీసికొనుట – ఇవి పలువురకు మర్యాదగా నలవడినవి. వినోదము మర్యాదకు లోబడినచో విద్య యగును. లోబడనిచో దోపిడి యగును.

మేనల్లుడు తన యంత్రమును మన సీమలోను పరీక్షింప గోరెను. మేము చిరకాలము బడిపంతులుగా నున్న యూరిలో మాకు తెలిసిన కౌలురైతు కలడు. మిరపకోతలు ముగిసి, కాయ కల్లములో నారి మార్కెటుకు పోయి, మోడులు పీకిన చేను బోసిగా నుండెను. భూమియజమానికిని రైతునకును చెప్పి, వారు సరేయనిన పిమ్మట నడుగిడితిమి. మన నల్లరేగడి వేసవిలో నోళ్ళు తెఱచి యుండునన్న సంగతి గుంటూరు, ఒంగోలు ప్రాంతములవారికి చెప్పవలసిన పనిలేదు. నెఱ్ఱెలలో పైనున్నది క్రిందికి జాఱును. తొలకరికి నేల ఉబ్బి మూసికొని లోనిదానిని పైకి నెట్టును. ఈ నేల తనను తానే దున్నుకొనునని పెద్దలందురు. దానికితోడు ట్రాక్టరు నాగళ్ళు. మొదటిగంటలో దొరికినవి: పురుగుమందు డబ్బాల మూతలు, మోటారుతీగ ముక్కలు, నట్టులు రెండు, అరిగిన ఎద్దులాడ మొకటి, 1835వ సంవత్సరపు కుంఫిణీ కాలణా యొకటి. రైతు కాలణాను చూచి నవ్వి, లాడమును తీసి భద్రపఱచుకొనెను. తన తండ్రి యెడ్లదై యుండునని యతని తలంపు.

పిమ్మట చేనిగట్టున నొక బూడిదవన్నె బిళ్ళ దొరకెను. చేతికి బరువు, చూపునకు మెఱుపు లేదు. తేఱిపాఱ చూడగా నొకవైపు కొండవలె పేర్చిన వంపులును, వాని దిగువ నలవంటి గీతయు కనబడెను. శాతవాహనులనాటి సీసపునాణెము. మేనల్లుని ముఖము వెలిగెను. అంతలో అన్నపుగిన్నె తెచ్చిన రైతుభార్య దానిని చూచి యాశ్చర్యపడక, "ఇయ్యా పంతులుగారూ? మా అత్త బతికున్నప్పుడు ఇట్టాంటియ్యి దోసెడు దొరికినయ్. కరగబోసి వలకు గుళ్ళు పోయించారు" అనెను. పదునెనిమిది వందల యేండ్లు నేలలో నిలిచిన రాజముద్రలు చెఱువులో చేపలవలకు గుండ్లైపోయెను! ఆమె నేల నిందింపవలయును? అవి యేమో యామెకు చెప్పినవారెవరు? ఆ యూరి బడిలో ముప్పది యేండ్లు చరిత్రపాఠములు జరిగినవి. పిల్లలు మగధరాజుల పేర్లు వల్లించిరి. బడికి పిలుపుదూరమున నున్న చేను సంగతి యే పాఠ్యపుస్తకములోను లేదు.

ఆ నాణెము చేనిలోని కెట్లు వచ్చినదో కొంచె మాలోచింపవలయును. మన గ్రామముల ప్రక్కన పాటిదిబ్బలుండుట యెల్ల రెఱుగుదురు. ఒకనాటి జనావాసము పాడై, గోడలు కూలి, బూడిదయు పేడయు పెంకులును కలిసిన దిబ్బయే పాటిదిబ్బ. ఆ పాటిమన్ను బలమని రైతులు తరతరములుగా బండ్లకెత్తి చేలకు తోలుచున్నారు. ఇప్పుడు బండ్లకు బదులు ట్రాక్టరు ట్రక్కులు. మన్నుతో పెంకులు, పూసలు, నాణెములు కూడ పోయి చేలయందు చెల్లాచెదరగును. కావున చేనిలోని వస్తువు చోటు తప్పినది. దిబ్బలోని వస్తువు చోటు తప్పనిది. మేనల్లుడు దిబ్బవైపు చూచి, "మామయ్యా, అక్కడ ఒక్క గంట తిప్పి చూడనా?" యని యడిగెను. "చేనిలో చెదరిన పుటలు ఏఱుకొంటివి, సంతోషము. అది యింకను కుట్టు విడని పుస్తకము నాయనా! చింపవద్దు" అంటిమి. అతడు తెలివిగలవాడు, యంత్రము కట్టివేసెను.

ఇందులో చింపుటయేమని చదువరులలో కొందఱకు సందేహము కలుగవచ్చును. భట్టిప్రోలు సంగతి చెప్పెదము. అచ్చటి బౌద్ధస్తూపపు దిబ్బ యిటుకలు కొన్ని బాటకును, పాలరాయి కొంత కాలువ పనికిని ముందే పోయినవి. మిగిలినదానిని 1892లో అలెగ్జాండరు రీ యనునతడు క్రమముగా త్రవ్వించెను. లోపల రాతికరండములును, వానిలో స్ఫటికపు భరిణెలు, బంగారుపువ్వులు, ముత్యములు మొదలగునవియు దొరికెను. నిధివేటగాడు ముందుగా వచ్చియున్నచో నేమి చేసియుండును? బంగారుపువ్వులు మూటగట్టుకొని, పనికిమాలిన రాయి యని కరండమును పగులగొట్టి పాఱవేసియుండును. కాని ఆ రాతి యంచులయందే ప్రాకృతభాషలో శాసనములున్నవి. కుబిరకుడను రాజుపేరున్నది. భరిణెలు చేయించిన గోష్ఠివారి పేర్లున్నవి. అశోకుని బ్రాహ్మీలిపికి కొంచెము భిన్నమైన యక్షరములున్నవి. బ్యూలరు పండితుడు వానిని చదివి ప్రకటించెను. మన తెలుగులిపి పుట్టుపూర్వోత్తరములు వ్రాయువా రెవరును భట్టిప్రోలు రాతిని తలంపక ముందుకు పోజాలరు. బంగారుపువ్వు తూకము తులములలో చెప్పవచ్చును. ఆ యక్షరముల తూకము దేనితో చెప్పుదుము? యంత్రము బంగారముమీద కూయును. అక్షరములున్న రాతిమీద పెట్టినచో మౌనము వహించును. 

అమరావతి కథ ఇంకను బాధాకరము. పదునెనిమిదవ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు క్రొత్త పట్టణమును నిర్మించుచుండగా, కట్టడములకు రాయి కావలసి దీపాలదిన్నెను త్రవ్వించిరి. చెక్కడపురాళ్ళు గోడలలోనికిని మెట్లలోనికిని పోయెను. 1797లో మెకంజీ దానిని చూచెను. తరువాత తిరిగివచ్చి మిగిలినవానికి కొలతలతో చిత్తరువులు వ్రాయించెను. 1845లో వాల్టరు ఇలియట్టు త్రవ్వించిన రాళ్ళు చెన్నపట్టణమున నెండకు వానకు చాలకాలముండి, 1859లో లండనుకు పోయెను. 1880లో దిబ్బనంతయు నొక్కమాఱుగా ఖాళీచేయింపగా నచ్చట నొక పెద్దగొయ్యి మిగిలెను. త్రవ్వినవారిలో జమీందారులును దొరలును కూడ నున్నారు. కావున అజ్ఞానమొక జాతి సొత్తు కాదు. గమనింపవలసిన దేమనగా, నేడు కనబడకుండపోయిన రాళ్ళనుగూర్చి మనకు కొంతయైన తెలియుచున్నదన్నచో, అది మెకంజీ వ్రాయించిన చిత్తరువులవలననే. రాయి పోయినను చోటు వ్రాసిన కాగితము నిలిచినది.

నాగార్జునకొండలోయ 1926లో రంగస్వామి సరస్వతిగారివలన పండితలోకమునకు తెలిసినది. తరువాత లాంగ్‌హర్‌స్టు త్రవ్వించినప్పుడు, నిధివేటగాండ్రు తమకంటె ముందే వచ్చి స్తూపముల గర్భములను కూల్చి పోయిరని కనబడెను. మహాచైత్యమున ధాతువు నట్టనడుమ గాక ప్రక్కగది యొకదానిలో నుండుటచే వారి కన్నుగప్పెను. వారికి కావలసినది బంగారము. మనకు మిగిలినది ఆయకస్తంభములమీది ఇక్ష్వాకురాణుల దానశాసనములు. ఆ శాసనములవలన ఆ కాలపు స్త్రీలు తమ పేరిట దానము చేసి, తమ పుట్టినింటిని మెట్టినింటిని శిలలపై చెక్కించుకొనిరని తెలియుచున్నది. స్త్రీలకు చరిత్రలో చోటులేదని వాదించువారు ఆ స్తంభముల యెదుట నొక పూట నిలువవలయును. రాతిపై వ్రాత యుండుటచే నా స్తంభములు దొంగకు పనికిరాలేదు, మనకు దక్కెను.

చోటు చెప్పు మేలునకు వినుకొండ సంగతి చక్కని దృష్టాంతము. 1889లో వినుకొండయొద్ద రోమకుల బంగారునాణెములు కొన్ని యొకచోట దొరికినవి. అందు టైబీరియసు మొదలు కరకల్లా వఱకుగల చక్రవర్తుల ముద్రలున్నవి. టైబీరియసు మరణించినది క్రీస్తుశకము 37లో. కరకల్లా మరణించినది 217లో. ఒక్కొక్కటిగా కంసాలి మూసకు పోయినచో నవి ఒట్టి బంగారము. ఒక్కచోట నుండుటచేతనే, కరకల్లా నాణెము ముద్రింపబడిన తరువాత గాని యా మూట పాతబడలేదని చెప్పగలుగుచున్నాము. రెండువందల యేండ్ల నాణెములు సముద్రమునకు దూరముగా పలనాటి కొండలప్రక్క నొక్కచేతిలో నుండెననగా, మన తీరపు వర్తకము ఎంతలోనికి ప్రాకియుండెనో యోచింపుడు. మూటలోని ఆఖరి నాణెమే మూటకు తేది. దానినొక్కదానిని దొంగిలించిన తేదియే పోవును.

ఇంకొక మాట. లంకెబిందెలు దొరికినవానిని అదృష్టవంతుడందుము. పాతిపెట్టినవారి మాట యెవరును తలంపరు. ధనమును నేలలో పాతుట తిరిగి తీసికొనుటకే గదా! తీసికొనలేదన్నచో వా రేమైరి? 1816లో పిండారీలు గుంటూరుసీమమీద పడి గ్రామములు దోచిరి. గుఱ్ఱముల డెక్కలచప్పుడు వినబడగానే ఎందఱు గృహిణులు మంగళసూత్రము తప్ప తక్కిన నగలను చట్టిలోబెట్టి దొడ్డిలో పూడ్చిరో! 1832-33 నందననామ సంవత్సరపు డొక్కల కరువులో, సుమారు 5 లక్షల జనముగల గుంటూరు జిల్లాలో దాదాపు 2 లక్షలమంది మడిసిరని యంచనా. ఇంటిల్లిపాదియు బాటలవెంట రాలిపోయిన కుటుంబముల దొడ్లలో నేమేమి మిగిలెనో! పైకి తీయబడని ప్రతి చట్టియు, ఇంటికి తిరిగిరాని యొక కుటుంబపు ఆనవాలు. దానిని కనుగొన్నవాడు ముందుగా చేయవలసిన పని గంతులు వేయుట కాదు. ఒక నిమిషము మాటాడకుండుట.

ఈ కాలమున దొంగచాటు త్రవ్వకముల సరకు గ్రామముతో నాగుట లేదు, సముద్రములు దాటుచున్నది. ప్రకాశము జిల్లాలో గుండ్లకమ్మయొడ్డున చందవరము స్తూపము 1964లో బయల్పడినది. అచ్చటినుండి దొంగిలింపబడిన, బుద్ధుని నర్చించు భక్తుల చెక్కడపురాయి యొకటి చేతులుమాఱి, 2005లో ఆస్ట్రేలియా జాతీయచిత్రశాలకు అమ్ముడుపోయెను. దొంగసొత్తని తేలిన మీదట 2016లో వారు దానిని మన దేశమునకు తిరిగి యిచ్చివేసిరి. అది యెక్కడిదని నిరూపింపగలుగుట కేది కారణము? చందవరమున అది యున్నట్లు మునుపే పటము తీసి యుంచిరి. పటము లేని వస్తువులు, ఊరికి తెలియకుండ రాత్రి త్రవ్వబడిన వస్తువులు, పోయినవని కూడ మనము చెప్పుకొనలేము.

ఇక చట్టమును గూర్చి. ఆ కౌలురైతు మాతో రహస్యముగా, "సర్కారోళ్ళకు తెలిస్తే చేనుకు దడి కట్టేస్తారంట గదా పంతులుగారూ? ఆసామికి తెలిస్తే వచ్చే ఏటికి చేను ఇయ్యడు" అనెను. ఈ భయమే మన పురావస్తువుల పాలిటి పెద్ద శత్రువు. దురాశవలన పోయినవానికంటె భయమువలన కరగిపోయిన వస్తువులే యెక్కువయై యుండునని మా యభిప్రాయము. 1878వ సంవత్సరపు నిధిచట్టము దొరికినవానిని దొంగగా చూడలేదు. పదిరూపాయల విలువ మించిన నిధి దొరికినచో, దొరికినవాడు ఆ నిధి యెట్టిదో, ఎచ్చట, ఏనాడు దొరికెనో కలెక్టరుకు వ్రాతమూలముగా తెలియజేయవలయును. పాతినవారి వారసులెవరును తేలక, భూమియజమానితో వేఱు ఒడంబడిక యేదియు లేనిచో, దొరికినవానికి మూడువంతులు, భూమియజమానికి నాల్గవవంతు. ప్రభుత్వము తానే యుంచుకొనదలచినచో లోహపు విలువయు, దానిపై నైదవవంతును చెల్లించి తీసికొనవలయును. దాచినవాడు తన భాగమును పోగొట్టుకొనుటయే గాక, ఏడాదివఱకు కారాగారమునకుగాని, జరిమానాకుగాని, రెంటికిగాని పాత్రుడగును. దాచుటవలన నష్టము, చెప్పుటవలన లాభము. అయినను ఎందఱు రైతుల కీ సంగతి తెలియును? చట్టము పుట్టి నూటనలువదియేండ్లు దాటినను, అది యింకను గ్రామపు చావడి చేరలేదు.

చట్టములోను లోపమున్నది. ఐదవవంతు ఎక్కువయన్నను, సీసపుబిళ్ళకు సీసపు ధరయే గదా మూలము? చరిత్రకు లక్షలు చేయునది లోహపుధరలో కాసు చేయదు. దొరికినవాని పేరు పురావస్తుశాలలో వస్తువు ప్రక్కన వ్రాయుట, వెంటనే రసీదిచ్చుట, వస్తువుయొక్క నకలును గాని పటమును గాని ఆ గ్రామపు బడికి పంపుట – వీనికి బొక్కసము ఖాళీ కానక్కఱలేదు. మనుష్యుడు ధనమునకెంత యాశపడునో పేరునకు నంతయే యాశపడును. ఆ బలహీనతను సత్కార్యమునకు వినియోగించుట పాలకుల నేర్పు. మేనల్లునిచేత చేనిపటమును గీయించి, వేపచెట్టునుండి యెన్ని యడుగులో, ఎంతలోతున దొరికెనో వ్రాయించి, యజమాని సమ్మతితో ఆ నాణెమును కౌలురైతు పేరనే పురావస్తుశాఖవారికి అప్పగించితిమి. రసీదు నాతడు పటము కట్టించి గోడకు వ్రేలాడదీసెను. చేనికి దడియు రాలేదు, కౌలును పోలేదు. ఊరివారు వచ్చి ఆ కాగితమును చూచిపోవుచున్నారు.

గృహస్థులు చేయదగినవి కొన్ని గలవు. నేలలో దొరికినదానిని చింతపండుతో తోమరాదు. తళుకువచ్చుట నిజమే గాని, పైపొరతోకూడ గుర్తులు కూడ పోవును. కుండ దొరికినచో బోర్లించి లెక్కపెట్టరాదు, ఉన్నదున్నట్లు ఉంచవలయును. చేతిలోని ఫోనుతో నచ్చటనే పటము తీసి, చుట్టునున్న చెట్టో బావియో కనబడునట్లు మఱియొక పటము తీయవలయును. ఎవరి చేను, ఎంతలోతు, ఏనాడు, ప్రక్కన పెంకులున్నవా, బొగ్గున్నదా యని వ్రాయవలయును. రక్షితప్రదేశములలో ననుమతిలేక త్రవ్వుట నేరమని పిల్లలకు చెప్పవలయును. యంత్రము కొనిపెట్టుమని కోరు కుఱ్ఱవానిని కసరక, ముందుగా అమరావతి పురావస్తుశాలకు తీసికొనిపోయి చూపవలయును. అటుపిమ్మట పాటిదిబ్బ మన్ను తోలుచున్న ట్రక్కు ప్రక్కన నొక గంట నిలిచి, యంత్రము లేకయే రెండు కన్నులతో వెదకుమనవలయును.

చూచుటకు కన్నులున్నవారికి ఈ సీమ యింకను తన మాట ముగింపలేదు. చేబ్రోలులో భీమేశ్వరాలయపు పనులు జరుగుచుండగా దొరికిన రాతిపై శాతవాహనరాజగు విజయుని అయిదవ పాలనాసంవత్సరపు సంస్కృతశాసన మున్నదని 2019లో ప్రకటించిరి. అది క్రీస్తుశకము 207వ సంవత్సరపుదని లెక్కగట్టిరి. దక్షిణదేశమున నంతవఱకు దొరికిన సంస్కృతశాసనములలో నదియే ప్రాచీనమనిరి. ఆ రాతిని కనుగొనుటకు అంజనమును అక్కఱలేకపోయెను, యంత్రమును అక్కఱలేకపోయెను. మట్టిలోని రాతిపై గీతలను చూచి, ఇవి గీతలు కావు, అక్షరములు సుమా యని యెవరో ఆగినారు. మన యిండ్లలోని పిల్లల కట్లు ఆగుట నేర్పినచో చాలును.